చెయ్యి అందినంత ఎత్తు

నాలుగో గది, పై వరండా
వానలు మొదలైన వారం

నా మేనల్లుడికి,

నీ మేనత్త చెప్పి రాయిస్తున్న ఉత్తరం. రాస్తున్నది ఎదురుగది కోర్టాయన. నలభై ఏళ్ళు కోర్టులో సాక్షుల మాటలు రాసిన మనిషి. చెయ్యి వణుకుతుంది గానీ మాట జారనివ్వడు. "ఇక్కడ క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాను" అని మొదలెట్టబోతే వద్దన్నాను. నేను క్షేమంగా లేను. నువ్వు క్షేమంగా ఉండాలని కూడా ఈ పూట నాకు లేదు.

నా గదిలో నాతో ఉండే బొత్తాలమ్మ పోయింది. గుర్తుందా? రెండేళ్ళ కిందట నువ్వొచ్చినప్పుడు నీ చొక్కా బొత్తాం వేలాడుతుంటే, నిన్ను కదలనివ్వకుండా నిలబెట్టి కుట్టింది చూడు, ఆవిడ. దర్జీ కొట్లో ముప్ఫై ఏళ్ళు బొత్తాలే కుట్టిన మనిషి. నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. నీ చొక్కాకి ఆ బొత్తాం ఇంకా ఉందేమో చూసుకో.

పదకొండు రోజుల కిందట, మధ్యాహ్నం భోజనాలయ్యాక, స్నానాల గదిలోకి వెళ్ళింది. తువ్వాళ్ళ అర నువ్వు గీసిన ఎత్తులో ఉంది. ఆవిడ చెయ్యి అందదు. బకెట్టు బోర్లించి ఎక్కింది. పడింది. తుంటి విరిగింది. ఒంట్లో బాగోకపోతే నొక్కమని గోడకి బెల్లు పెట్టించావు కదా, అది నిలబడ్డ మనిషి భుజం ఎత్తులో ఉంది. ఒరేయ్, నిలబడగలిగిన మనిషికి బెల్లు దేనికిరా?

టీ వేళ దాకా ఆ నేల మీదే ఉంది. నాలుగో రోజున ఆస్పత్రిలో పోయింది.

కింద హాల్లో నీ ఫోటో కట్టించి పెట్టారు. "పెద్దల మనసెరిగిన ఇల్లు కట్టినవారు" అని దాని కింద రాసుందట, కోర్టాయన చదివాడు. ఇదే ఇల్లు, ఇదే ప్లాను, ఇంకో ఆరు ఊళ్ళలో కట్టబోతున్నారటగా. వానలు తగ్గాక కమిటీ ముందు నువ్వే నిలబడి ఒప్పిస్తావటగా.

నాకు కావలసింది ఒకటే. ఆ కమిటీ ముందు నిలబడి, ఈ ఇల్లు ఎవరి కొలతతో గీశావో నీ నోటితో చెప్పు. నీకు తెలుసు. నాకూ తెలుసు. చెప్పకపోతే నేను చెప్తాను. తట్టలు మోసి నిన్ను ఎత్తినదాన్ని. దించడం కూడా వచ్చు.

నీ మేనత్త వేలిముద్ర కింద ఉంది. ఇంకు కాస్త ఎక్కువైంది. పరవాలేదు, గట్టిగా పడిందని అనుకో.

*

ఆఫీసు, రెండో అంతస్తు

అత్తకి నమస్కారాలు.

బొత్తాలమ్మగారి సంగతి చదివి చాలా బాధపడ్డాను. ఆవిడ కుట్టిన బొత్తాం ఇంకా ఊడలేదు.

అత్తా, నువ్వు కోపంలో ఉన్నావు. నీకు కోపమొస్తే ముందు ఎదుట ఎవరుంటే వాళ్ళు దోషులు. ఇంత పెద్ద ఇంట్లో ఏడేళ్ళుగా ఎవరికీ ఏమీ కాలేదు. అరల ఎత్తు, బెల్లు ఎత్తు, తలుపుల బరువు, ఇవన్నీ నేను గాలిలో చేతులూపి పెట్టినవి కావు. ఇరవై మంది పెద్దవాళ్ళ కొలతలు తీసి, సగటు కట్టి నిర్ణయించినవి. ఆ కొలతలతో నేను రాసిన పుస్తకం ఇవ్వాళ కాలేజీల్లో చదువుతున్నారు. బకెట్టు బోర్లించి ఎక్కకూడదని గోడ మీద బోర్డు కూడా పెట్టించాం.

మీ మేనేజరుతో మాట్లాడాను. జారని కాళ్ళున్న స్టూలు ఒకటి మీ గదికి పంపిస్తారు.

మందులు వేళకి వేసుకో. కోర్టుగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మేనల్లుడు

*

నాలుగో గది
వాన తెరిపి ఇచ్చిన రోజు

ఇరవై మందిని కొలిచినవాడికి,

స్టూలు వచ్చింది. దాని మీద నీ ఉత్తరం పెట్టి, ఆ ఉత్తరం మీద నా కాళ్ళు పెట్టుకుని ఇది చెప్తున్నాను. కోర్టాయన "ఇది కూడా రాయనా?" అంటున్నాడు. రాయమన్నాను.

బొత్తాలమ్మకి చదువు వచ్చు. ఆ బోర్డు చదవగలదు. బోర్డు చదివితే చెయ్యి పొడుగవుతుందా?

ఇరవై మంది అన్నావు. ఏ ఇరవై మందిరా? నేను చెప్తాను, మరిచిపోయి ఉంటావు. నీ చదువు ఆఖరి ఏడు. ముసలివాళ్ళ కొలతలు తెచ్చి చూపించమన్నారు మీ మేష్టార్లు. మర్నాటికి ఇవ్వాలి. ఊరంతా తిరగడానికి నీకు బద్ధకం. నేను పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. "అత్తా, ఇలా వంటింటి తలుపుకి ఆని నిలబడు" అన్నావు. అప్పుడు నాకు యాభై రెండు. రెండంతస్తుల మీదకి తట్ట దించకుండా ఎక్కేదాన్ని. మేస్త్రీలు నన్ను "క్రేను" అని పిలిచేవాళ్ళు. "చెయ్యెత్తు అత్తా. వంగు అత్తా. ఈ తలుపు తొయ్యి అత్తా." పెన్సిలుతో తలుపు మీద గీతలు పెట్టుకున్నావు. "ఇరవై మంది కావాలే" అని నువ్వంటే, "ఇరవై మంది పెట్టు మనిషిని ఉన్నాగా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నువ్వా రాత్రి కూర్చుని ఒకదానికి రెండంగుళాలు కలిపి, ఒకదానికి ఒకటి తీసి, ఇరవై మందిని పుట్టించావు. పొద్దున నాకు చూపించావు కూడా. "చూడు అత్తా, ఇరవై మంది నువ్వే."

నేను మురిసిపోయాను. అదీ రాయి, కోర్టూ.

ఆ ఇరవై మందితోనే నీకు మొదటి బహుమతి వచ్చింది. ఆ ఇరవై మందితోనే ఈ ఇల్లు లేచింది. అందుకే నాకిక్కడ ఏ ఇబ్బందీ లేదు. అర అందుతుంది, తలుపు తోస్తే తెరుచుకుంటుంది. ఏడేళ్ళుగా అందరితో చెప్పుకున్నాను, మావాడు కట్టిన ఇల్లు చూడండి, ఒక్క వంక పెట్టండి అని. ఇన్నాళ్ళూ తువ్వాలు అందుకోలేనివాళ్ళంతా నా మొహం చూసి నోరు మూసుకున్నారు.

ఆ పాతింటి తలుపు చెక్క గుర్తుందా? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నేను వదల్లేదు. నడుంనొప్పికి మెత్తటి మంచం పడదని, దాన్నే పరుపు కింద వేసుకుని పడుకుంటున్నాను. నీ గీతలు అలాగే ఉన్నాయి. పెన్సిలు గీత మనిషి కంటే గట్టిది.

ఇంకోటి. ఈ ఉత్తరంతో సంచి ఒకటి వస్తుంది. అందులో నలభై తాళ్ళున్నాయి. నాకు అక్షరం రాదు గానీ తాడూ ముడీ వచ్చు. గోడ ఎంత లేచిందో ముడితోనే చెప్పేదాన్ని మేస్త్రీకి. ఈ ఇంట్లో ప్రతి గదికీ వెళ్ళాను. "చెయ్యెత్తండి" అన్నాను. నేల నుంచి వేలి కొస దాకా తాడు పట్టి ముడేశాను. ఒక్కో తాడూ ఒక్కో మనిషి. ఒక తాడుకి ఎర్ర బొత్తాం కట్టాను. అది ఆవిడది. పోయిన మనిషిని ఎలా కొలిచావంటావేమో. ఆవిడ చెయ్యి ఎక్కడి దాకా వెళ్ళి ఆగిపోయేదో రోజూ చూసినదాన్ని. ఆ అర కింద గోడ మీద వేళ్ళ మరక ఇంకా ఉంది.

ఇదిగో నీ నలభై మంది. ఇప్పుడు సగటు కట్టుకో.

వేలిముద్ర. ఈసారి ఇంకు సరిపోయింది.

*

ఆఫీసు

అత్తా,

మీ మేనేజరు ఫోను చేశాడు. నువ్వు గదిగదికీ వెళ్ళి ముసలివాళ్ళని నిలబెట్టి చేతులెత్తిస్తున్నావట. పదమూడో గది ఆయనకి భుజం పట్టేసిందట. ఇంకోసారి ఇలాంటిది జరిగితే ఆ ఇంట్లో ఉంచడం కష్టమన్నాడు. నేనే సర్దిచెప్పాను. నీకు అక్కడ పడకపోతే ఇంకో చోటు చూస్తాను. ఆలోచించుకో.

సంచి అందింది. బీరువా పైన పెట్టాను.

నీతో దాచేదేముంది. నువ్వు చెప్పింది నిజమే. కుర్రతనం. అప్పుడు ఒక కాగితం కోసం చేసిన పని, తర్వాత దాని మీద ఇంకో కాగితం, దాని మీద ఇంకోటి. ఎక్కడ ఆగి చెప్పాలో తెలియలేదు. కానీ ఇప్పుడు చెప్తే ఏమవుతుందో ఆలోచించావా? ఆరు ఇళ్ళు ఆగిపోతాయి. ఏడు వందల మంది. ఒక్కొక్కరూ ఎవరి పంచనో, ఎవరి మెట్ల కిందో రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్ళు. వాళ్ళకి అర రెండంగుళాలు ఎత్తయిందని అసలు ఇల్లే లేకుండా చేస్తావా? ఇది నా ఒక్కడి పరువు సంగతి కాదు.

నువ్వే నన్ను ఇంతవాణ్ణి చేశావు. నువ్వే కూల్చాలనుకుంటే నేనేం చెప్పను?

*

నాలుగో గది
మర్నాడే

ఒరేయ్,

ఏడు వందల మంది మెట్ల కింద ఉన్నారని ఏడవకు. మెట్ల కింద ఉన్నవాళ్ళకి చెయ్యి అందని ఇల్లు కట్టి, కింద పడితే పిలవడానికి బెల్లు కూడా అందకుండా పెట్టి, దాన్ని దయ అంటావా? రెండంగుళాలట. బొత్తాలమ్మకి జానెడు. నీ తాళ్ళు బీరువా మీద నుంచి దించి చూడు, తెలుస్తుంది. ఇల్లు ఆపమని ఎవడన్నాడు? కొలత మార్చమన్నాను. దానికి ముందు నువ్వు చేసింది చెప్పాలి. అదీ నీకు కష్టం. ఆ కష్టానికి ఏడు వందల మందిని అడ్డం పెట్టుకోకు.

నన్ను ఇంకో చోటికి పంపుతావా? పంపు. తలుపు చెక్క నాతో వస్తుంది. దారి కమిటీ మీదుగానే పోతుంది.

పదమూడో గది ఆయన భుజానికి నేనే నూనె రాశాను. ఆయన నీకు చెప్పమన్నది ఇది: "మళ్ళీ ఎత్తమంటే ఎత్తుతాను, రెండో చెయ్యి ఉంది."

నువ్వు పుట్టినప్పుడు నిన్ను కొలిచింది నేనే. రెండు జానలు. నీ అమ్మా నాన్నా పోయాక ఎత్తుకున్నదీ నేనే. ఈ చేతులకి నీ బరువు తెలుసు. కాబట్టి బెదిరించకు, నవ్వొస్తుంది.

వేలిముద్ర.

రాసినవారి మాట: అయ్యా, మన్నించాలి, ఇది నా సొంతం. కమిటీకి వెళ్ళవలసిన అర్జీ ఆవిడ చెప్పగా రాసి ఉంచాను. ఎల్లుండి టపాలో పడుతుంది. నలభై ఏళ్ళలో అబద్ధమాడే సాక్షుల్ని చాలామందిని రాశాను. తాళ్ళతో చేసిన సాక్ష్యం ఎప్పుడూ చూడలేదు. అదీగాక, అందులో ఒక తాడు నాది. నాకు ఆ అర అందదు. ఏడేళ్ళుగా తువ్వాలు మంచం కోడుకి కట్టుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు. సిగ్గు.

*

ఆఫీసు
చలి మొదలైంది

అత్తా,

అర్జీ అక్కడికి చేరకముందే కమిటీ ముందుకి వెళ్ళాను. ఎలా జరిగిందో నువ్వే ముందు వినాలి.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం సంచి దించాను. ఆఫీసు గోడకి మేకులు కొట్టి, తాళ్ళన్నీ కింది కొసలు నేలకి తగిలేలా వేలాడదీశాను. వాటి మీదుగా నా అర ఎత్తు ఎంతో సున్నంతో అడ్డంగా గీత గీశాను. నలభై తాళ్ళలో మూడే గీతని దాటాయి. మూడు! ఎర్ర బొత్తాం తాడు దగ్గరికి వచ్చాను. గీతకీ ఆ ముడికీ మధ్య నా చెయ్యి పెట్టి చూశాను. జానెడు. నువ్వన్నది అన్నట్టే.

కమిటీలో ప్లాన్లు విప్పలేదు. తాళ్ళు విప్పాను. వంటింటి తలుపు సంగతి మొత్తం చెప్పాను. ఎవరూ అరవలేదు. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అయితే మీరు ఇన్నేళ్ళు మీ మేనత్తకి ఇల్లు కట్టారన్నమాట" అన్నాడు. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఆరు ఇళ్ళూ ఇంకొకరికి ఇచ్చారు. కొత్తగా కొలతలు తీశాకే మొదలుపెడతారట. ఆగిపోలేదు. బహుమతి వెనక్కి ఇచ్చేశాను. కాలేజీల వాళ్ళు పుస్తకం తీసేశారు. నాతో పనిచేసే ఇద్దరు వేరే చోట చేరారు. ఆఫీసులో ఇప్పుడు నేనూ, గోడ మీద మీ నలభై మందీ.

నువ్వు కోరింది అయింది. ఇంకేం కావాలో చెప్పు.

ఒక్కటి అడుగుతాను. ఆ ఇంట్లో బొత్తాలమ్మగారితో కలిపి నలభై ఒక్కరు. తాళ్ళు నలభై. నీ తాడేది?

*

నాలుగో గది

మేనల్లుడికి,

చాల్లేదు.

కింద హాల్లో నీ ఫోటో దించారు. గోడ మీద తెల్లటి చదరం మిగిలింది. అది చూసినా నా కడుపు చల్లబడలేదు. నీ పేరు పోయింది, సరే. ఆవిడకి పోయింది పేరా?

నువ్వు ఇక్కడికి రా. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా స్నానాల గదిలో, ఆవిడ పడ్డ చోట, ఆవిడ పడ్డట్టే కుడిపక్కకి పడుకో. ఫోను ఉండకూడదు. కావాలంటే కాగితం, పెన్సిలు తెచ్చుకో, అవి లేకపోతే నీకు ఊపిరాడదు. తలుపు బయట నేను కూర్చుంటాను. టీ గంట కొట్టేదాకా నువ్వు లేవకూడదు. నేను తియ్యను.

నా తాడు సంగతి ఆ తర్వాత.

వేలిముద్ర.

*

నాలుగో గది, స్నానాల గది నేల మీద నుంచి

అత్తా,

నువ్వు చెప్పినట్టే కుడిపక్కకి పడుకున్నాను. ఇక్కడి నుంచి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కోర్టుగారిని మన్నించమను.

ఇన్ని స్నానాల గదులు గీశాను. ఒక్కదాన్నీ ఇక్కడి నుంచి చూడలేదు. సింకు అడుగున తుప్పు ఉంది. గొట్టం చెమర్చి చుక్క చుక్కగా మోచేతి మీద పడుతోంది. పలకల చల్లదనం మొదట హాయిగా ఉంది, తర్వాత తుంటిలోకి దిగింది. నాది విరగలేదు. అయినా ఇప్పుడు పక్కకి తిరగాలంటే భయమేస్తోంది.

బెల్లు కనిపిస్తోంది. తెల్లగా, గుండ్రంగా, శుభ్రంగా. ఇక్కడి నుంచి చూస్తే అది వేరే అంతస్తులో ఉన్నట్టుంది. చెయ్యి చాపాను. గోడ మీద నేల నుంచి రెండు జానలు అందింది. అక్కడ పెన్సిలుతో గీత పెట్టాను. నా జీవితంలో ఇది మొదటి సరైన కొలత అనుకుంటాను.

తలుపు కింద సందులోంచి వెలుతురు వస్తోంది. ఆ వెలుతుర్లో నీ పాదాల నీడ. నువ్వక్కడే ఉన్నావని తెలుసు. అయినా పిలిచాను. మొదటిసారి ఊరికే పిలిచాను. రెండోసారి నిజంగా పిలిచాను. నీడ కదల్లేదు.

రేపటి నుంచి వారం రోజులు ఇక్కడే కింద గదిలో ఉంటాను. మనుషుల్ని పెట్టను. నలభై గదుల్లో బెల్లు నేనే దించుతాను, నేల దాకా తాడు వేలాడేట్టు. అరలూ దించుతాను.

గంట కొట్టారు. తలుపు తియ్యి.

*

నాలుగో గది
నువ్వు కింద గదిలో ఉండగానే

నాయనా,

రెండంతస్తుల దూరంలో ఉన్నావు. సుత్తి చప్పుడు వినిపిస్తోంది. వచ్చి మొహం మీద చెప్పొచ్చు. చెప్పలేక రాయిస్తున్నాను. కోర్టాయన సగంలో కలం కింద పెట్టేశాడు. మళ్ళీ పట్టించాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, ఏదీ మెత్తబరచకు అన్నాను.

నా తాడు ఈ ఉత్తరంలో మడిచి పెట్టాను. దానికి రెండు ముడులు ఉంటాయి. పై ముడి ఆ తలుపు చెక్క మీద నీ గీత ఉన్న ఎత్తు. కింది ముడి ఆనాడు నా చెయ్యి నిజంగా అందే ఎత్తు. రెండూ ఒకటి కావు. ఆ రోజు నువ్వు నా వెనక వంగి గీత పెట్టుకుంటుంటే నేను మునివేళ్ళ మీద లేచాను. మావాడి కాగితంలో పొట్టిగా పడతానేమోనని లేచాను. నువ్వు నా వేలి కొస చూశావు. మడమ చూడలేదు. నీ అబద్ధం కింద నా అబద్ధం ఉంది. ఈ ఇల్లు నాకు కూడా సరిపోదు. ఏడేళ్ళుగా ఆ అర దగ్గర మునివేళ్ళ మీద లేస్తూనే ఉన్నాను. అలవాటైపోయి నాకే తెలియలేదు.

ఇంకా ఉంది.

ఆ రోజు భోజనాల దగ్గర నీ గురించే గొప్పలు చెప్తున్నాను. బొత్తాలమ్మ అంది, నెమ్మదిగానే అంది, "అక్కా, మీవాడు కట్టిన ఇంట్లో నువ్వొక్కదానివే ఇముడుతావు. మేమంతా నీ ఇంట్లో పరాయివాళ్ళం." నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ ఆవిడకి తువ్వాలు నేను తీసిచ్చేదాన్ని. ఆ రోజు, "అయితే నీ తువ్వాలు నువ్వే తీసుకో, పొట్టిదానా" అన్నాను. వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

నిన్న నువ్వు రెండుసార్లు పిలిచావు. నేను విన్నాను. నువ్వు రాశావు కదా, మొదటిది ఊరికే, రెండోది నిజం అని. ఆ తేడా నాకు తెలుసు. నాకు ముందే తెలుసు.

ఆవిడా పిలిచింది. "అక్కా" అంది. నేను విన్నాను. తువ్వాలు కోసం పిలుస్తోంది, పిలవనీ అనుకున్నాను. మళ్ళీ పిలిచింది. రెండోది వేరేగా ఉంది. వేరేగా ఉందని నాకు తెలిసింది. నేను లేవలేదు. కాసేపటికి పిలుపు ఆగింది. అలక తగ్గిందిలే అనుకున్నాను. టీ గంట కొట్టాక లేచి వెళ్ళాను.

ఆస్పత్రిలో నాలుగు రోజులూ ఆవిడ ఎవరితోనూ అనలేదు. నేను వినలేదనే అనుకుంది పాపం. "తలుపు బరువు కదా అక్కా, నీకు వినపడి ఉండదు" అంది. నీ తలుపు మీద పెట్టింది, నా మీద పెట్టలేదు. అప్పుడే నాకు నువ్వు దొరికావు. ఆ తలుపు గీసింది నువ్వు కదా. నీ మీద పడ్డాను. నువ్వు చేసింది తప్పే. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. కానీ ఆ తలుపులోంచి మాట వినిపిస్తుందిరా. బాగా వినిపిస్తుంది.

మేనేజరు చెప్పాడు, నువ్వు ఒకటో గదితో మొదలుపెట్టావనీ, రేపటికి మా గదికి వస్తావనీ. మా గదిలో బెల్లు దించకు. అన్ని గదులూ అయ్యాక, ఆఖరున దించు.

రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక నువ్వు పైకి రా. వరండాలో నా కుర్చీ ఉంటుంది, దాన్ని తలుపు దగ్గరికి జరుపుకుని కూర్చో. నేను లోపల పడుకుంటాను, కుడిపక్కకి. నువ్వు గీసిన గీత కింద.

నేను రెండుసార్లు పిలుస్తాను. నువ్వు వింటావు.

తియ్యకు.

(వేలిముద్ర)